పట్టుపురుగుల షెడ్డులో థర్మామీటర్: వత్తి ఎండితే లెక్క తప్పుతుంది

పట్టుపురుగుకు మనలా ఒంట్లో వేడిని నిలుపుకునే శక్తి లేదు. గది ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే. అందుకే చాకీ పురుగులకు 27-28 డిగ్రీల సెల్సియస్ వేడి, 85-90 శాతం తేమ ఉండాలంటాం. మూడో దశలో 26 డిగ్రీలు, 80 శాతం; నాలుగో దశలో 25 డిగ్రీలు, 70-75 శాతం; ఐదో దశలో 24 డిగ్రీలు, 65-70 శాతం చాలు. ఈ అంకెలు చాలామంది రైతులకు నోటికి వచ్చు. వాటిని చూపించే పరికరం సరిగ్గా ఉందా అని చూసేవారే తక్కువ.

థర్మామీటర్ అడుగున గాజు బుడ్డిలో పాదరసం గానీ, రంగు వేసిన ఆల్కహాల్ గానీ ఉంటుంది. వేడికి ఆ ద్రవం కొద్దిగా వ్యాకోచిస్తుంది. పైనున్న గొట్టం వెంట్రుక మందాన ఉంటుంది కనుక ఆ కొద్దిపాటి పెరుగుదలే పైకి పాకి మనకు కనిపిస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. థర్మామీటర్ చూపేది తన బుడ్డికి తగిలిన వేడినే. ఎండ పడే గోడకు తగిలిస్తే గోడ వేడిని, రేకుల కప్పు కింద ఎత్తుగా కడితే రేకు వేడిని కలుపుకుని చెబుతుంది. కాబట్టి షెడ్డు మధ్యలో, పురుగుల పడక ఎత్తులో, తలుపుకూ హీటరుకూ దూరంగా వేలాడదీయాలి. జ్వరం చూసే థర్మామీటర్ గదికి పనికిరాదు. దాని కొలత 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, ఎక్కిన ద్రవం విదిలిస్తే గానీ దిగదు.

తేమ తెలియాలంటే తడి, పొడి బుడ్ల థర్మామీటర్ కావాలి. ఒక బుడ్డికి పలుచని నూలు గుడ్డ వత్తి చుట్టి, కొసను నీళ్ల డబ్బాలో ఉంచుతారు. వత్తిలోని నీరు ఆవిరవుతూ బుడ్డిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడి, రెండు అంకెల మధ్య తేడా పెరుగుతుంది. పొడి బుడ్డి 28, తడి బుడ్డి 26 ఉంటే తేమ సుమారు 85 శాతం. 25, 21 ఉంటే సుమారు 70 శాతం.

అసలు నష్టం వచ్చేది ఇక్కడే. డబ్బాలో నీరు అయిపోయి వత్తి ఎండితే రెండు బుడ్లూ ఒకే అంకె చూపుతాయి. పట్టికలో దాని అర్థం నూరు శాతం తేమ! రైతు కంగారుపడి కిటికీలన్నీ తెరుస్తాడు. నిజానికి గాలి అప్పటికే పొడిగా ఉంది. చాకీ దశలో ఇలా జరిగితే లేత ఆకు గంటల్లో వాడిపోతుంది, పురుగు సరిగా తినదు, ఎదుగుదలలో హెచ్చుతగ్గులు వస్తాయి. మన రాయలసీమలో చాలాచోట్ల బోరునీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. వత్తి తడిగా ఉన్నట్టే కనిపించినా గట్టిపడి నీరు పీల్చదు. వాననీరో, ఫిల్టర్ నీరో పోసి, వారానికోసారి వత్తి మార్చండి. గంజి పెట్టిన కొత్త గుడ్డ అయితే ఉతికి వాడాలి.

వత్తి మార్చేటప్పుడే పరికరాన్నీ పరీక్షించవచ్చు. వత్తి తీసి, బుడ్డి తుడిచి అరగంట ఆగితే రెండూ ఒకే అంకె చూపాలి. ఒక డిగ్రీ తేడా ఉన్నా తేమ లెక్క చాలా మారుతుంది, అలాంటిది మార్చేయడమే మేలు. గొట్టంలో ద్రవం మధ్యలో తెగి ఉంటే ఆ అంకెను నమ్మవద్దు. డిజిటల్ మీటర్ కొన్నవారు కూడా దాన్ని మంచి థర్మామీటర్ పక్కన పెట్టి అప్పుడప్పుడు పోల్చుకోవాలి.

ఎండాకాలం వేడి ఎక్కువ, తేడా కూడా ఎక్కువ ఉంటే కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టండి, రెండూ దారికొస్తాయి. వేడి ఎక్కువై తేడా మాత్రం రెండు డిగ్రీలలోపే ఉంటే నీళ్లు చల్లవద్దు. ముఖ్యంగా ఐదో దశలో అప్పుడు కావలసింది గాలి. తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి మేత వేసేటప్పుడు రెండు అంకెలూ గోడమీది కాగితంలో రాసుకుంటే ఏ వేళ ఏది తప్పుతోందో పంట సగంలోనే తెలిసిపోతుంది.