కుక్క ముందొచ్చింది, పిల్లి గింజ వెనకాల వచ్చింది

పోస్టు కాస్త పొడుగు, పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి.

వరి పొట్టకొచ్చే రోజులు. గట్ల మీద ఎలుక కన్నాలు లేచే రోజులు కూడా ఇవే. ఇంకో వారం పది రోజుల్లో మనలో చాలామంది మందు కలిపిన నూకలు పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతాం. అది అయిన వారానికి ఊళ్లో రెండు మూడు పిల్లులు, ఒకటీ అరా కుక్కలు చచ్చిపడి ఉంటాయి. ఏదో రోగం తగిలింది అనుకుని తీసి పారేస్తాం. ఆ రోగం పేరు చెప్పేముందు ఈ రెండు జీవాలు మన గడపలోకి ఎట్లా వచ్చాయో చెప్పాలి. వాటికి ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్న సంగతి చాలావరకు ఆ చరిత్రలోనే ఉంది.

ముందు కుక్క. ఇది రైతుకంటే పాతది. మనిషి విత్తనం వేయడం నేర్వకముందే, వేటాడుకుంటూ తిరిగే రోజుల్లోనే తోడేలు జాతి నుంచి విడిపోయి మనిషి వెంట పడింది. జర్మనీలో బాన్ పట్టణం దగ్గర ఒబెర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ల క్వారీ కూలీలకు ఒక పాత సమాధి దొరికింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు. సుమారు 14,000 ఏళ్ల నాటివి. ఎప్పుడో తీసి దాచిన ఆ పిల్ల పళ్లను ఒక పశువైద్యుడు, ఇంకొందరు పండితులు మళ్లీ పరీక్షించి 2018లో ఒక సంగతి బయటపెట్టారు. పంటి మీద పింగాణీ లాంటి పొర ఉంటుంది కదా, అందులో గీతలు పడి ఉన్నాయి. అవి డిస్టెంపర్ జబ్బు చేసిన కుక్కలో పడే గీతలు. నాలుగున్నర నెలల వయసులో జబ్బు చేసింది, ఆరు నెలలు దాటాక చనిపోయింది. మధ్యలో ఒకసారి తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం, అట్లా వారాల తరబడి నడిచింది.

డిస్టెంపర్ వచ్చిన పిల్ల ఎట్లా ఉంటుందో మీలో చూసినవాళ్లు ఉంటారు. జ్వరం, కళ్లవెంట ముక్కువెంట కారడం, వాంతులు, విరేచనాలు, తర్వాత ఫిట్స్. దానికై అది లేచి తినలేదు, తాగలేదు. వదిలేస్తే మూడు వారాలు కూడా బతకదు. కానీ ఈ పిల్ల బతికింది. అంటే ఎవరో కడిగారు, నీళ్లు పట్టారు, వెచ్చగా పడుకోబెట్టారు. వేటకు పనికిరాని జబ్బు పిల్ల అది, దానివల్ల వాళ్లకు వచ్చేదేం లేదు. అయినా చూసుకున్నారు, పోయాక మనుషుల పక్కనే పెట్టి పూడ్చారు. ఇంటి జంతువుకు మనిషి చేసిన వైద్యానికి ఇంత పాత గుర్తు మరెక్కడా నేను చదవలేదు.

వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఉంది, టీకా. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు మొదటి డోసు, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన బూస్టర్లు. డిస్టెంపర్‌కీ పార్వోకీ కలిపే వస్తుంది. పార్వో అంటే నెత్తురు విరేచనాలై రెండు మూడు రోజుల్లో పిల్లను తీసుకుపోయే జబ్బు. 1978కి ముందు అట్లాంటి జబ్బు ఒకటుందని లోకానికి తెలీదు. వచ్చిన రెండేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. ఇక రేబిస్ టీకా సంగతి కొత్తగా చెప్పేదేముంది. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన బూస్టరు వేయించి, ఏటా ఒకటి. పిల్లికి కూడా వేయించాలి, ఈ మాట చాలామంది వినరు. కరిచిన చోట కారం, సున్నం పెట్టే అలవాటు ఇంకా ఉంది. అది మానేసి పావుగంట సేపు ధార కింద సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

ఇప్పుడు తిండి విషయం. తోడేలుకు అన్నం పెడితే సరిగా అరగదు. మన కుక్కకు ఎందుకు అరుగుతుంది? స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ వాళ్లు 2013లో దీనికి జవాబు చెప్పారు. గంజిని, పిండిని అరిగించే ఒక జీన్ తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మనిషి సేద్యం మొదలుపెట్టాక కళ్లం దగ్గర, వంటపొయ్యి దగ్గర పారేసిన తిండి తిని, దాన్ని బాగా అరిగించుకున్న కుక్కలే నిలబడ్డాయి, వాటి పిల్లలే పెరిగాయి. ఆ తర్వాత పరిశోధనల్లో ఇంకో ముచ్చట తేలింది. సేద్యం లేని మంచు దేశాల్లో బండ్లు లాగే హస్కీ కుక్కల్లోనూ, ఆస్ట్రేలియా డింగోల్లోనూ ఈ ప్రతులు తక్కువ. సేద్యం చేసినవాళ్ల కుక్కల్లో ఎక్కువ. అంటే మనం పొలాన్ని మార్చుకున్నాం, పొలం మన కుక్క ఒంటిని మార్చింది. అందుకే కుక్కకు అన్నం, సంకటి పెట్టొచ్చు. వాటితోనే సరిపెట్టకుండా గుడ్డో, చేపముక్కో, మాంసమో కలపాలి. ఉల్లిపాయలు దండిగా వేసిన పులుసు, చికెన్ కూర అడుగు మాత్రం కలపకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. పిల్లికి ఇంకా ఎక్కువ చెరుపు.

పిల్లి కథ వేరు. మనిషి దాన్ని పట్టుకొచ్చి మచ్చిక చేసింది తక్కువ, అది ఎలుక వెనకాల నడిచొచ్చింది ఎక్కువ. ఇప్పటి ఇరాక్, సిరియా, టర్కీ ఉన్న ప్రాంతంలో 11,000 ఏళ్ల కిందటే గోధుమ, బార్లీ పండించి నిల్వ చేయడం మొదలైంది. నిల్వ చేసినచోటికి ఎలుక చేరింది. ఎలుక చేరినచోటికి అక్కడి ఎడారి పక్క అడవి పిల్లి చేరింది. రైతు దాన్ని తరమలేదు, ఎందుకు తరుముతాడు? మన పెద్దవాళ్లు గాదెల కింద, పురుల పక్కన పిల్లిని ఎందుకు తిరగనిచ్చారో వాళ్లూ అందుకే తిరగనిచ్చారు. ఈరోజు ప్రపంచంలో ఇంట్లో తిరిగే పిల్లులన్నీ ఆ ఒక్క అడవి పిల్లి జాతి సంతానమేనని 2007లో డీఎన్‌ఏ పరీక్షలు చెప్పాయి.

సైప్రస్ దీవిలో షిలూరోకాంబోస్ అనే పాత ఊరిని తవ్వినప్పుడు 9,500 ఏళ్ల నాటి మనిషి సమాధి పక్కనే, అడుగున్నర దూరంలో, ఎనిమిది నెలల పిల్లిని విడిగా గొయ్యి తీసి పూడ్చినట్టు దొరికింది. ఆ దీవిలో పుట్టుకతో పిల్లులు లేవు. విత్తనాలు, మేకలు ఎక్కించుకున్నట్టే ఎవరో పిల్లిని కూడా పడవెక్కించుకుని సముద్రం దాటించారు.

ఇన్ని వేల ఏళ్లయినా పిల్లి కడుపు మాత్రం మారలేదు. మన గింజను కాసింది గానీ గింజను తినలేదు. తీపి రుచి తెలిపే జీన్ పిల్లిలో పాడైపోయి ఉందని 2005లో అమెరికా పరిశోధకులు కనుక్కున్నారు. మీరు బెల్లం ముక్క పెట్టినా దానికి తీపి తెలీదు. పరమాన్నం నాకిందంటే అది నెయ్యి కోసం, పాల కోసం. పాలంటే ఇష్టమే గానీ, పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. "పిల్లికి పాలు పోస్తున్నాం కదా, ఇంకేం కావాలి" అనేవాళ్లకు 1975 నాటి ఒక ప్రయోగం చెప్పాలి. మాంసం లేకుండా పాల నుంచి తీసిన ప్రోటీన్ మీదే పిల్లులను పెంచారు. వాటి కంటి వెనక పొర పాడై చూపు దెబ్బతింది. కారణం టారిన్ అనే పదార్థం. మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు. కుక్క దాన్ని ఒంట్లోనే చాలావరకు తయారుచేసుకుంటుంది, పిల్లికి ఆ శక్తి చాలదు. అది తగ్గితే పిల్లి గుండె కూడా ఉబ్బి నీరసిస్తుందని, తిరిగి ఇస్తే గుండె కోలుకుంటుందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పశువైద్యులు తేల్చారు. కాబట్టి పెరుగన్నం పెట్టి పెంచే ఇళ్లవాళ్లు వారంలో నాలుగు రోజులైనా ఉడకబెట్టిన చేప తలకాయలు, కోడి కార్జం ముక్కలు వేయండి. పక్కన మంచినీళ్లు ఎప్పుడూ ఉంచండి. ఎడారి జాతి కాబట్టి దాహమైనా తక్కువ తాగుతుంది, మూత్రం ఇబ్బంది అందుకే వస్తుంది.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. పిల్లి నలతగా ఉందని పారాసెటమాల్ మాత్ర విరిచి వేసేవాళ్లు ఉన్నారు. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. ఇట్లాంటి మందును విరిచి బయటికి పంపే జీన్ కూడా పిల్లిలో పాడైపోయి ఉంది. మాంసం తినే జీవికి ఆకులలములలోని విషాలతో పని పడలేదు, ఆ సరంజామా వాడక పోయింది.

ఈజిప్టు వాళ్లు పిల్లిని దేవతగా కొలిచిన సంగతి మీరు విని ఉంటారు. దాని చివరి అంకం రైతులకు ఆసక్తిగా ఉంటుంది. 1888లో అక్కడి బేని హసన్ దగ్గర ఒక రైతు ఇసుక తవ్వుతుంటే గుట్టలు గుట్టలుగా పిల్లుల మమ్మీలు, అంటే ఎండబెట్టి గుడ్డ చుట్టిన కళేబరాలు బయటపడ్డాయి. 1890లో వాటిలో సుమారు 1,80,000 పిల్లులను, బరువు 19 టన్నుల పైచిలుకు, ఓడలో ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుకు తెచ్చి వేలం వేశారు. ఎందుకనుకున్నారు? ఎరువుకి. పొడి చేసి పొలాల్లో చల్లారు.

ఇక మొదట చెప్పిన "రోగం" దగ్గరికి వద్దాం. దాని కథ కూడా ఒక రైతు కొట్టంలోనే మొదలైంది. 1920ల్లో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పశువులు కారణం తెలీకుండా నెత్తురు కారి చనిపోయేవి. కొమ్ము కోసినా, వట్టలు తీసినా నెత్తురు ఆగదు. స్వీట్ క్లోవర్ అని ఒక మేత పైరు, మన పిల్లిపెసర, జనుము లాంటి పప్పుజాతిది. దాన్ని కోసి ఎండబెట్టి వామి వేస్తే, వానకు తడిసి బూజు పట్టింది. ఆ బూజు గడ్డి తిన్న పశువుల్లోనే ఈ నెత్తురు జబ్బు అని పశువైద్యులు పసిగట్టారు గానీ, గడ్డిలో ఉన్న విషం ఏమిటో దొరకలేదు.

1933 ఫిబ్రవరి. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు బండి తోలుకుని యూనివర్సిటీకి వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురు, ఒక మోపు బూజు గడ్డి. వెతికిన పశువైద్యుడి ఆఫీసు మూసి ఉంటే, తలుపు తీసి ఉన్న కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబులోకి వెళ్లాడు. ఆ గడ్డి మేపడం ఆపు, బాగున్న పశువు నెత్తురు ఎక్కించు అని తప్ప లింక్ ఆరోజు ఇంకేమీ చెప్పలేకపోయాడు. కానీ ఆ క్యాను వదిలిపెట్టలేదు. ఆరేళ్లు కష్టపడి 1939లో విషాన్ని విడదీశాడు. దాన్నే మార్చి మార్చి చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. గుండె వాల్వు ఆపరేషన్ అయినవాళ్లు రక్తం పలచబడడానికి వేసుకునే మాత్రల్లో ఇది కూడా ఒకటి. ఒకే వస్తువు, కొలతలో తేడా.

పదేళ్లలోనే, 1958లో, స్కాట్లాండులో వార్ఫరిన్‌కు చావని ఎలుకలు తేలాయి. అప్పుడు ఇంకా గట్టి మందులు తెచ్చారు. మనం నూకల్లో నూనెతో కలిపే బ్రోమాడయోలోన్ అదే కుటుంబం. ఎలుక తిన్న రోజే చావదు, మూడు నాలుగు రోజులు మత్తుగా తిరుగుతుంది. అట్లాంటి ఎలుక పిల్లికి, కుక్కకు ఇట్టే దొరుకుతుంది. మందు ఎలుక కాలేయంలో అట్లాగే ఉంటుంది, రెండు మూడు ఎలుకలు తిన్న పిల్లిలోకి చేరుతుంది. చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, ముక్కునుంచో పేడలోనో నెత్తురు, మూలకు ముడుచుకుని పడుకోవడం, ఇవీ గుర్తులు. అవి కనిపించేసరికి తిని మూడు నుంచి అయిదు రోజులై ఉంటుంది.

మందు పెట్టొద్దని నేను అనను. ఎకరానికి ఎలుక ఎంత కొరుకుతుందో మీకూ తెలుసు. పొట్లం కన్నం లోపలికి నెట్టి మట్టితో మూయండి, గట్టు మీద చల్లకండి. తర్వాత వారం పది రోజులు పొద్దున్నే ఒక చుట్టు తిరిగి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చండి. ఆ రోజుల్లో కుక్కను కట్టేయండి, పిల్లికి ఇంట్లోనే కడుపునిండా పెట్టండి. ఇంటి చుట్టుపక్కల, గోడౌన్లో అయితే మందు జోలికి పోకుండా బోనులు, బుట్టలు పెట్టడమే మేలు.

బ్రోమాడయోలోన్‌కు విరుగుడు ఉంది, విటమిన్ కె1. ఒక ఇంజెక్షన్‌తో లేచి తిరుగుతోందని ఆపేయకండి, మందు కాలేయంలో వారాల పాటు ఉంటుంది కాబట్టి మూడు నాలుగు వారాలు మాత్రలు వేయాల్సి వస్తుంది. నల్లటి జింకు ఫాస్ఫైడు పొడి తిన్నదైతే విరుగుడే లేదు, గంటల్లో తీసుకుపోతుంది, దాన్ని ఇంటి దరిదాపుల్లో వాడకండి. పశువుల ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందు ప్యాకెట్ కూడా జేబులో పెట్టుకెళ్లండి, కార్ల్‌సన్ గడ్డిమోపు పట్టుకెళ్లినట్టు. ఏ మందో తెలిస్తే డాక్టరు పని సగం తేలిక. ఆసుపత్రి మూసి ఉంటే 1962కి ఫోన్ చేసి అడగండి.