క్రిస్మస్ బీరు కాయనివాడికి దేశబహిష్కారం

క్రిస్మస్‌కి ఇంట్లో బీరు కాయకపోతే జరిమానా. వరసగా మూడు శీతాకాలాలు ఎగ్గొడితే ఆస్తి మొత్తం జప్తు: సగం రాజుకి, సగం బిషప్పుకి. పాపం ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకుంటే ఉండనిస్తారు, లేదా దేశం వదిలి పోవాల్సిందే.

నేను కాపురముంటున్న నార్వే పశ్చిమ తీరంలో ఒకప్పుడు నడిచిన గులాటింగ్ చట్టం ఇది. బెర్గెన్‌కి ఉత్తరాన గూలెన్ ప్రాంతంలో సభ తీరేవారు కాబట్టి ఆ పేరు. మనకి మిగిలిన ముఖ్యమైన రాతప్రతి 1250 ప్రాంతానిదే అయినా చట్టం అంతకంటే పాతది. నవంబరులో సకల పునీతుల పండగకి ఒక వాయి, అది కనీసం ముగ్గురు రైతులు కలిసి కాయాలి. క్రిస్మస్‌కి ఇంకో వాయి. పండగ రాత్రి ఆ బీరుని క్రీస్తుకీ మరియమ్మకీ నివేదించి, ఏడాది బాగా పండాలనీ దేశం చల్లగా ఉండాలనీ మొక్కుకోవాలి.

చర్చికి బీరుతో ఏం పని అని నాకూ అనిపించింది. జవాబు హోకోన్ రాజు కథలో ఉంది. పదో శతాబ్దం వాడు. ఇంగ్లండ్‌లో అథెల్‌స్టన్ రాజు దగ్గర పెరిగి, క్రైస్తవుడై తిరిగొచ్చాడు. ఇక్కడి జనమేమో నడిశీతాకాలంలో పాత దేవుళ్లకి బలులిచ్చి, బీరు తాగి యూల్ పండగ చేసుకునేవారు. దాన్ని మాన్పించే సత్తా రాజుకి లేదు. అందుకని పండగని క్రిస్మస్ తేదీకి జరిపాడు. ప్రతి ఇంటివాడూ ఒక కొలత మాల్టుతో బీరు కాయాలి, అది ఉన్నన్నాళ్లూ పండగే అన్నాడు. ఐస్‌లాండ్ వాడు స్నోరి స్టుర్లుసోన్ దాదాపు మూడు వందల ఏళ్ల తరవాత రాసిన రాజుల చరిత్రలోని ముచ్చట ఇది కాబట్టి అక్షరాలా నమ్మక్కర్లేదు. పాత జాతరకి కొత్త దేవుడి పేరు పెట్టడం మాత్రం మనకి వింతేం కాదు.

పాతరోజుల్లో కర్రమీద చెక్కుకున్న పంచాంగం ఉండేది, ప్రిమ్‌స్టావ్ అంటారు. అందులో డిసెంబరు 21కి బీరు పీపా గుర్తు కనిపిస్తుంది. అది తోమా రోజు. మన మద్రాసు కొండమీద ప్రాణం విడిచాడని చెప్పుకునే ఆ తోమాయే ఇక్కడికొచ్చి బీరు కాచే తోమా అయ్యాడు! ఆ రోజుకి పండగ బీరు తయారై ఉండాలి, ఇరుగుపొరుగు ఒకరింటికొకరు వెళ్లి రుచి చూడాలి.

ఆ అలవాటు ఏదో ఒక రూపంలో ఇంకా బతికే ఉంది. బెర్గెన్ నుంచి రైల్లో గంట పైచిలుకు వెళితే వోస్ వస్తుంది. అక్కడ ఇంట్లో బీరు కాచుకునే కొందరు డిసెంబరులో ఒకచోట చేరతారు. నాతో పనిచేసే ఆయన ఆ ఊరివాడు కావడంతో నాకూ పిలుపొచ్చింది.

వోస్ బీరుకి ముందు జూనిపర్ కొమ్మలు నీళ్లలో వేసి మరిగిస్తారు. ఆ నీళ్లతోనే మాల్టు నానబెట్టి, వడకట్టిన రసాన్ని గంటల తరబడి కాస్తారు. రంగు రాగి చెంబులా దిగుతుంది. నురుగు తక్కువ. మొదట తీపి, తరవాత జూనిపర్ ఘాటు, చివర్న నారింజ తొక్క వాసన. నారింజ అందులో వెయ్యరు, అది ఈస్ట్ చలవ. క్వైక్ అంటారు దాన్ని. మామూలు బీరు ఈస్ట్‌ని ఇరవై డిగ్రీల దగ్గర కలుపుతారు. క్వైక్‌ని వీళ్లు దాదాపు నలభై దగ్గర, అంటే మన ఏప్రిల్ మధ్యాహ్నపు వేడిలో కలుపుతారు. రెండు మూడు రోజుల్లో పులియడం అయిపోతుంది. పాతకాలంలో చెక్కముక్కలు గుచ్చిన దండని ఈస్ట్ మడ్డిలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కాసేదాకా వేలాడదీసేవారు. తమది పాడైతే పక్కింటి నుంచి తెచ్చుకునేవారు, మనం పెరుగు తోడు అడిగి తెచ్చుకున్నట్టే. 2018లో వెలువడిన జన్యు పరిశోధనలో ఇది మనిషి మచ్చిక చేసుకున్న ఈస్టుల్లో ఒక ప్రత్యేక కుదురని తేలింది. ఇప్పుడు అమెరికా లాబుల వాళ్లు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. రైతుల ఇళ్లలో ఉండేది పలు రకాలు కలిసి కాపురం చేసే ఈస్ట్, ప్యాకెట్లో తరచూ వాటిలో ఒక్కటే ఉంటుంది.

ఆ సాయంత్రం ఉత్తరాన హోర్నిన్‌డాల్ నుంచి వచ్చిన బీరూ ఉంది. వాళ్లు రసాన్ని మరిగించరు. పచ్చిబీరు అన్నమాట, మబ్బుగా, చిక్కగా ఉంటుంది. స్టియోర్‌డాల్ బీరు ఇంకో లోకం. అక్కడ మాల్టుని ఆల్డర్ కట్టెల పొగమీద ఎండబెడతారు. ఒక్క గుక్కకే గొంతులో వంటచెరకు పొగ. నాకు పచ్చిబీరే నచ్చింది. వోస్‌లో కూర్చుని ఆ మాట అనడం మర్యాద కాదని తరవాత తెలిసింది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది గిన్నె. పువ్వులు చిత్రించిన చెక్కగిన్నె నిండా బీరు పోసి చేతులు మారుస్తారు. అందరూ దాన్నుంచే తాగాలి. ఎంగిలి అని పెరిగిన ప్రాణం ఒక్క క్షణం ఆగింది. వాళ్లకేమో ఒకే గిన్నెలో తాగడమే చుట్టరికం.

ఇంత బీరు ప్రేమ ఉన్న ఈ పశ్చిమ తీరమే మద్యనిషేధానికీ కంచుకోట! 1816లో ఇళ్లలో సారా కాయడానికి స్వేచ్ఛ ఇచ్చారు. పల్లెలు తాగి తూలాయి. 1845లో చిన్న బట్టీలు మూయించే చట్టం తెచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం మధ్య, 1916లో, సారా అమ్మకం ఆపారు. 1919లో ప్రజల్ని అడిగితే సుమారు అరవై రెండు శాతం సారాకీ ఘాటు వైన్‌కీ నిషేధం ఉండాలన్నారు. ఆడవాళ్లందరికీ 1913లోనే ఓటొచ్చింది కాబట్టి వాళ్ల మాటా అందులో ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టుమీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా నాది. అందుకే ఈ అధ్యాయం చదువుతుంటే పరాయి దేశం అనిపించలేదు. మన సంపూర్ణ నిషేధం 1995లో వచ్చి 1997లో సడలింది, ఖజానా ఒప్పుకోలేదు. ఇక్కడ అడ్డుపడింది ఎండుచేప. నార్వే చేపలు కొనే స్పెయిన్, పోర్చుగల్ తమ వైన్ కొనకపోతే చేపలు వద్దన్నాయి. 1922లో ప్రభుత్వమే వైన్ దుకాణం పెట్టింది, 1923లో ఘాటు వైన్‌మీద నిషేధం పోయింది, 1926లో మళ్లీ ఓటేసి 1927లో సారామీదా ఎత్తేశారు. పశ్చిమ తీరం అప్పుడు కూడా ఉండాలనే వేసింది.

ఇంత గొడవలో రైతు బీరు ఎలా మిగిలిందంటే, నిషేధం గురిపెట్టింది సారానీ ఘాటు వైన్‌నీ. పండగ గిన్నెమీద చెయ్యి వెయ్యలేదు. ఇప్పటికీ తీరు అదే. 4.7 శాతం దాటిన బీరు ప్రభుత్వ దుకాణంలోనే కొనాలి. కిరాణా కొట్లో బీరు అమ్మకం మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిదికల్లా బంద్, ఆదివారం అసలే లేదు. ఇంట్లో సారా కాస్తే నేరం, బీరు మాత్రం ఎంతైనా కాచుకో, స్నేహితులకి పొయ్యి. అమ్మితే తప్పు. మన ఎక్సైజు వాళ్లకి ఈ తేడా చెప్పి ఒప్పించగలవాడు ఇంకా పుట్టలేదనుకుంటాను.

వచ్చేటప్పుడు ఎండిన క్వైక్ పెచ్చులు ఒక పొట్లం కట్టిచ్చారు. వచ్చే తోమా రోజుకి నా వాయి పట్టుకెళ్లాలి. మాల్టు చాలక చక్కెర కలిపితే మొదటి గుక్కకే తెలిసిపోతుందని ముందే హెచ్చరించారు.