భయానకంలో హాస్యం: ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ సూత్రధారి - చారిత్రక పరిశీలన

హాస్యానికి విరోధులుగా విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో పేర్కొన్న రసాలు రెండు: భయానకం, కరుణం. భయంతో వణికేవాడికి నవ్వు రాదు. మనసారా నవ్వుతున్నవాడి దగ్గర భయం నిలవదు. లోకానుభవం కూడా ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది. అయినా ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ విరోధి రసాలను ఒకే విస్తట్లో వడ్డించిన ప్రక్రియ ఒకటి రేడియోలో పుట్టి, బొమ్మల కథల పత్రికల్లో పెరిగి, టెలివిజన్‌లో స్థిరపడింది. ప్రతిసారీ కొత్త కథ, కొత్త పాత్రలు, కొత్త చావు. కథకు ముందూ వెనుకా కనిపించి ప్రేక్షకులతో పరాచికాలాడే సూత్రధారి మాత్రం ఒక్కడే. ఆంథాలజీ అని వ్యవహరించే ఈ భయానక కథామాలికల ఆకర్షణకు మూలం ఆ సూత్రధారిలో ఉంది. డార్క్ హ్యూమర్ అని పిలిచే నల్లహాస్యం అక్కడ అలంకారం మాత్రమే కాదు, నిర్మాణ సూత్రం.

రసవిరోధానికి పరిహారం కూడా ఆలంకారికులే చెప్పారు. ‘ధ్వన్యాలోకం’ తృతీయోద్యోతంలో ఆనందవర్ధనుడు చూపిన మార్గాల్లో రెండు ఈ చర్చకు అవసరం. విరుద్ధ రసాలను వేర్వేరు ఆశ్రయాల్లో నిలపడం మొదటిది. రెంటి నడుమ వేటికీ విరోధి కాని మూడో రసాన్ని ఉంచడం రెండోది. మొదటి మార్గానికి తెలుగు పాఠకుడు దూరం వెళ్లి ఉదాహరణ వెతకనక్కరలేదు. తిక్కన విరాటపర్వంలో ఉత్తరుడు అంతఃపుర స్త్రీల ముందు ప్రగల్భాలు పలికి, కౌరవసేనను కళ్లారా చూడగానే రథం దిగి పరుగు తీస్తాడు. భయం ఉత్తరుడిది, నవ్వు పాఠకుడిది. ఆశ్రయాలు వేరు కనుక రెండు రసాలూ ఒకదాన్నొకటి చెరుపుకోలేదు. భయానక కథామాలికల చరిత్రను ఈ దృష్టితో చదివితే, భయం ఎవరిది, నవ్వు ఎవరిది అన్న ప్రశ్నకు ప్రతి దశలోనూ సమాధానం మారుతూ వచ్చినట్లు కనబడుతుంది.

కిర్రుమనే తలుపు

1931లో మొదలైన ‘ది విచెస్ టేల్’ అనే రేడియో ధారావాహికలో ఓల్డ్ నాన్సీ అనే ముసలి మంత్రగత్తె తన నల్లపిల్లిని పక్కన పెట్టుకొని కథలు చెప్పేది. అది ఇంకా పాత తరహా కథన పద్ధతే; మనకు తెలిసిన పేదరాశి పెద్దమ్మకు కాస్త వికృత రూపం. నిజమైన మార్పు 1941లో ప్రారంభమైన ‘ఇన్నర్ శాంక్టమ్’తో వచ్చింది. కిర్రుమంటూ తలుపు తెరుచుకునేది, రేమండ్ అనే వ్యాఖ్యాత శ్రోతలను ఆహ్వానించేవాడు. చావు మీద, శవాల మీద అతడు వేసే శ్లేషలే ఆ కార్యక్రమానికి గుర్తింపు. లిప్టన్ టీ ప్రాయోజకత్వం వహించిన కాలంలో ఆ టీ తరఫున మాట్లాడే మహిళ రేమండ్‌ను అతని మోటు హాస్యానికి మందలించి, వెంటనే టీ గుణగణాలను వర్ణించేది. ఇందులో వ్యాపార సూక్ష్మం ఉంది. శవాల కథకూ మధ్యతరగతి ఇంటి తేనీటి కప్పుకూ మధ్య వంతెన కావాలి. ఆ వంతెన హాస్యం. ఈ నవ్వు తొలి నుంచీ కళ అవసరంతో పాటు ప్రాయోజకుని అవసరాన్ని కూడా మోసిందని గుర్తించాలి.

రేడియో కథకుల ఈ వారసత్వాన్ని కాగితం మీదికి తెచ్చినవారు విలియం గెయిన్స్, ఆల్ ఫెల్డ్‌స్టైన్. 1947లో తండ్రి మాక్స్ గెయిన్స్ పడవ ప్రమాదంలో మరణించగా ఇ.సి. కామిక్స్ సంస్థ విలియం చేతికి వచ్చింది. 1950లో ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’, ‘ది వాల్ట్ ఆఫ్ హారర్’, ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’ అనే మూడు పత్రికలు వెలువడ్డాయి. వాటికి ముగ్గురు సూత్రధారులు: క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ఓల్డ్ విచ్. సమాధి గృహానికి కాపలాదారైన క్రిప్ట్ కీపరే తర్వాత తెరకెక్కాడు. ఈ ముగ్గురూ పాఠకుల అభిమానం కోసం ఒకరినొకరు ఎత్తిపొడుచుకునేవారు. కథల అచ్చు దాదాపు ఒక్కటే. స్వార్థపరుడు హత్య చేస్తాడు, చట్టం నుంచి తప్పించుకుంటాడు, చివరికి అతని నేరానికి అచ్చుగుద్దినట్లు సరిపోయే శిక్ష అతడిని వెతుక్కుంటూ వస్తుంది. చాలాసార్లు ఆ శిక్ష హతుని కుళ్లిన కాళ్లతో నడిచి వస్తుంది.

ఈ అచ్చులో ఒక రహస్యం ఉంది. హాస్యానికి భయానకం ఒక్కటే కాదు, కరుణం కూడా విరోధి. చచ్చేవాడి మీద జాలి కలిగితే సూత్రధారి పరిహాసం అసహ్యంగా మారుతుంది. అందుకే చచ్చేవాడిని ముందుగానే జాలికి అనర్హుడిగా తీర్చిదిద్దాలి. ఇ.సి. కథల్లో నీతి అని విమర్శకులు గుర్తించింది నిజానికి కరుణరసాన్ని తొలగించే సాధనం. నీతి నిజంగా ప్రధానమైతే శిక్షలో అంత శిల్పం, అంత చమత్కారం అవసరం ఉండేవి కావు.

సాధనం ఎక్కడ విఫలమవుతుందో 1953 నాటి ‘ఫౌల్ ప్లే’ కథ చూపిస్తుంది. ఒక బేస్‌బాల్ ఆటగాడు తన బూట్ల మేకులకు విషం పూసి ప్రత్యర్థిని చంపుతాడు. విషయం తెలుసుకున్న హతుని సహచరులు అర్ధరాత్రి మైదానంలో అతని దేహాన్ని ఖండించి, ఆ ఖండాలతోనే ఆట ఆడతారు. జాక్ డేవిస్ గీసిన ఆ చివరి దృశ్యంలో భయానకం బీభత్సానికి దిగింది. హాస్యం ఉందంటే అది కేవలం ఊహలోని పొంతనలో ఉంది. కంటికి కనిపించేది పేగులు. మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ 1954లో ప్రచురించిన ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్’లో ఈ బొమ్మలు సాక్ష్యంగా చేరాయి. వెర్థామ్‌ను రసజ్ఞత లేని నిషేధవాదిగా చిత్రించడం తరువాతి అభిమానులకు అలవాటైంది. అతని నిర్ధారణలు బలహీనమైనవే. అయినా పది సెంట్లకు ఏ పిల్లవాడైనా కొనగల పత్రికలో ఆ చివరి పుట ఉండటం గురించి ఒక వైద్యుడు అడిగిన ప్రశ్నను నవ్వి కొట్టివేయడానికి వీల్లేదు.

అదే ఏడు ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో సెనేట్ ఉపసంఘం ఎదుట గెయిన్స్ సాక్ష్యమిచ్చాడు. సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ‘క్రైమ్ సస్పెన్‌స్టోరీస్’ సంచిక ముఖచిత్రాన్ని చూపాడు: ఒక చేతిలో గొడ్డలి, మరో చేతిలో జుట్టు పట్టుకుని వేలాడదీసిన స్త్రీ తల. ఇది సదభిరుచేనా అని అడిగాడు. భయానక పత్రిక ముఖచిత్రంగా సదభిరుచేనని గెయిన్స్ సమాధానం. తలను ఇంకాస్త పైకెత్తి, మెడ నుంచి నెత్తురు కారుతున్నట్లు చూపితే అది దురభిరుచి అయ్యేదని వివరణ కూడా ఇచ్చాడు. ఈ జవాబు క్రిప్ట్ కీపర్ నోట వస్తే పాఠకులు నవ్వేవారు. విచారణ మందిరంలో, టెలివిజన్ కెమెరాల ముందు, ప్రచురణకర్త నోట వచ్చేసరికి అది నేరాంగీకారంలా వినిపించింది. ఆ ముఖచిత్రం మీద సూత్రధారి బొమ్మ లేదు. సెనేటర్లు చూసింది నవ్వు తీసివేసిన భయానకాన్ని. ఆ ఏడాది చివర ప్రచురణకర్తలు తామే ఏర్పరచుకున్న కామిక్స్ కోడ్ పత్రికల పేర్లలో ‘హారర్’, ‘టెర్రర్’ అనే మాటలనే నిషేధించింది. 1955 తొలి నెలల్లో ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ 46వ సంచికతో ఆగిపోయింది.

తెర మీది సూత్రధారి

అదే సంవత్సరం అక్టోబర్ 2న సి.బి.ఎస్. టెలివిజన్‌లో ‘ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ మొదలైంది. పిల్లల పత్రికలో నేరమైనది పెద్దల టెలివిజన్‌లో మర్యాద సంపాదించుకుంది. కారణం వేషం. కుళ్లిన ముఖానికి బదులు నల్లకోటు, పరాచికానికి బదులు గంభీర ముఖం. జేమ్స్ అలర్డైస్ రాసిన వ్యాఖ్యల్లో హిచ్‌కాక్ ప్రాయోజకులను సైతం వదలలేదు. రేడియోలో ప్రాయోజకుని మనిషి సూత్రధారిని మందలిస్తే, ఇక్కడ సూత్రధారి ప్రాయోజకుణ్ణి వెక్కిరించాడు.

1958లో ప్రసారమైన ‘లాంబ్ టు ది స్లాటర్’ ఈ ధారావాహికలో తలమానికం. రోల్డ్ డాల్ కథకు హిచ్‌కాక్ స్వయంగా దర్శకత్వం వహించాడు. తనను విడిచిపోతానన్న పోలీసు భర్తను భార్య గడ్డకట్టిన గొర్రె తొడతో కొట్టి చంపుతుంది. దాన్ని పొయ్యిలో కాల్చి, హత్యాయుధం కోసం వెతుకుతున్న పోలీసులకే వడ్డిస్తుంది. నేరం చేసినవారు శిక్ష తప్పించుకోరాదన్నది నాటి ప్రసార మర్యాద. అందుకోసం హిచ్‌కాక్ చివర్లో వచ్చి, ఆమె రెండో భర్త మీద అదే ఉపాయం ప్రయోగించబోయి పట్టుబడిందని, ఫ్రీజర్ పనిచేయక మాంసం మెత్తబడిపోయిందని చెబుతాడు. శిక్ష విధించినట్లే విధించి, ఆ విధింపునే ఎగతాళి చేశాడు. సెన్సారు నియమం వల్ల పుట్టిన ఈ చివరి మాట నల్లహాస్యానికి కొత్త ఆశ్రయాన్నిచ్చింది. ఇప్పుడు నవ్వు పాత్రల మీద కాదు, నీతి చెప్పక తప్పని వ్యవస్థ మీద.

ఇ.సి. కథలు మాత్రం తెరకెక్కడానికి చాలాకాలం పట్టింది. 1972లో ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ దర్శకత్వంలో బ్రిటన్‌లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ చలనచిత్రంలో రాల్ఫ్ రిచర్డ్‌సన్ పోషించిన క్రిప్ట్ కీపర్ ముసుగు వేసుకున్న సన్యాసి. అతడు నవ్వడు, తీర్పు చెబుతాడు. 1989 జూన్ 10న హెచ్.బి.ఓ.లో మొదలైన ధారావాహిక ఈ గాంభీర్యాన్ని పూర్తిగా తోసిపుచ్చింది. కెవిన్ యాగర్ రూపొందించిన కుళ్లిన బొమ్మకు జాన్ కాసిర్ కీచుగొంతు తోడైంది. పిల్లలను ఆప్యాయంగా పిలిచే సంబోధనలో ఒకటి రెండు అక్షరాలు మార్చి వారిని కురుపులుగా, పిశాచాలుగా పలకరించడం ఈ క్రిప్ట్ కీపర్ ధోరణి. హెచ్.బి.ఓ. చందాదారుల చానల్, మధ్యలో ప్రకటనలు లేవు, వెక్కిరించడానికి ప్రాయోజకుడూ లేడు. 1996 వరకు ఏడు సీజన్లలో 93 భాగాలు ప్రసారమయ్యాయి. స్వేచ్ఛ అన్నిసార్లూ మేలు చేయలేదు. నగ్నత్వం, రక్తపాతం కేవలం అనుమతి ఉంది కనుక చేరిన భాగాలు తక్కువేమీ కాదు; శ్లేషలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ మొక్కుబడిగా మారాయి.

తొలి రాత్రి ప్రసారమైన మూడు భాగాల్లో రెండు ఈ పరిశీలనకు కీలకం. వాల్టర్ హిల్ దర్శకత్వం వహించిన ‘ది మ్యాన్ హూ వాజ్ డెత్’లో మరణశిక్ష రద్దు కావడంతో ఉద్యోగం పోయిన తలారి, చట్టం వదిలేసిన నేరస్థులను తానే విద్యుత్తుతో చంపడం మొదలుపెడతాడు. అతడే కెమెరా వైపు తిరిగి కథ చెబుతాడు, చమత్కరిస్తాడు. మరణశిక్ష తిరిగి వస్తుంది, చివరికి అతడే ఆ కుర్చీలో కూర్చుంటాడు. నవ్వించినవాడూ భయపడేవాడూ ఒక్కడే కావడంతో ఆశ్రయభేదం కూలిపోతుంది. రాబర్ట్ జెమెకిస్ దర్శకత్వం వహించిన ‘అండ్ ఆల్ త్రూ ది హౌస్’లో క్రిస్మస్ ముందురాత్రి భర్తను చంపిన స్త్రీని, సాంటా వేషంలో ఉన్న ఉన్మాది వెంటాడతాడు. ఆమె పోలీసులను పిలవలేదు, ఇంట్లో శవం ఉంది. ఇక్కడివరకూ ఇ.సి. అచ్చు చెక్కుచెదరలేదు. కాని తలుపు తెరిచి ఉన్మాదిని లోపలికి తెచ్చినది ఆమె చిన్నారి కూతురు, సాంటా వచ్చాడన్న సంబరంతో. తల్లి కేక దగ్గర కథ ఆగుతుంది. ఆ పిల్ల ఏమైందో ఎవరూ చెప్పరు. తొలగించామనుకున్న కరుణం దొడ్డిదారిన ప్రవేశించింది. క్రిప్ట్ కీపర్ పకపక నవ్వుతున్నా ప్రేక్షకుడు అతనితో గొంతు కలపలేడు.

బేతాళుడితో పోలిక

శవం కథ చెప్పడం భారతీయులకు కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన బేతాళ కథలు, 1947 జులైలో మద్రాసులో ప్రారంభమైన ‘చందమామ’ ద్వారా తెలుగు పిల్లలకు నెలనెలా అందాయి. 1985లో దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’గా వాటిని తెరమీదికి తెచ్చింది. ఈ సంప్రదాయానికీ క్రిప్ట్ కీపర్‌కూ చారిత్రక సంబంధాన్ని ఊహించడం సాహసం. కాని అమరికలోని తేడా ఆలోచింపజేస్తుంది. బేతాళ కథల్లో భయం చట్రంలో ఉంది: శ్మశానం, భుజం మీది శవం, తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు. లోపలి కథ సాధారణంగా ప్రణయమో ధర్మసంకటమో అవుతుంది. క్రిప్ట్ కీపర్ దగ్గర ఇది తలకిందులు; భయం కథలో, నవ్వు చట్రంలో. ఇంకో తేడా మరింత ముఖ్యమైనది. బేతాళుడు తీర్పును వినేవాడికి వదిలేస్తాడు. క్రిప్ట్ కీపర్ కథ ముగిసేసరికి తీర్పు అమలైపోయి ఉంటుంది, ప్రేక్షకుడికి మిగిలేది శ్లేష ఒక్కటే.

తలలు తారుమారైన బేతాళ కథ ఆనందవర్ధనుడి రెండో మార్గానికి చక్కని నిదర్శనం. భర్తా, అతని బావమరిదీ దేవి గుడిలో తలలు నరుక్కుంటారు. ప్రాణత్యాగానికి సిద్ధపడిన భార్యను దేవి కరుణించి, తలలు అతికించమంటుంది. తొందరలో ఆమె ఒకరి తల మరొకరి మొండేనికి అతికిస్తుంది. కరుణానికీ హాస్యానికీ నడుమ దేవి ప్రత్యక్షం కావడమనే అద్భుతం నిలిచింది. ఆ అద్భుతం లేకుంటే ఆ పొరపాటుకు నవ్వడం సాధ్యం కాదు. గిరీష్ కర్నాడ్ ‘హయవదన’కు మూలమైన ఈ కథలో, ఆమె ఇప్పుడు ఎవరి భార్య అన్న ప్రశ్న నవ్వుతూ అడగదగినదీ, నవ్వి ఊరుకోరానిదీ.

2014 నుంచి 2024 వరకు బి.బి.సి.లో వచ్చిన ‘ఇన్‌సైడ్ నెం. 9’ సూత్రధారిని పూర్తిగా తొలగించింది. రీస్ షియర్‌స్మిత్, స్టీవ్ పెంబర్టన్ రాసిన 55 భాగాల్లోనూ ప్రేక్షకుడి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లేవాడు లేడు. తొలి భాగమైన ‘సార్డీన్స్’లో ఒక నిశ్చితార్థపు వేడుకలో దాగుడుమూతల్లాంటి ఆట జరుగుతుంది. దాక్కున్నవాడిని కనుగొన్నవారు ఒక్కొక్కరే వచ్చి ఒకే బీరువాలో ఇరుక్కుంటారు. ఇరుకులో పుట్టే హాస్యం చాలాసేపు సాగుతుంది. అక్కడి మాటల్లోంచే ఆ కుటుంబం ఏళ్లుగా కప్పిపుచ్చిన, పిల్లలపై జరిగిన అత్యాచారం బయటపడుతుంది. బీరువా తలుపు బయటి నుంచి మూసుకునేసరికి అంతవరకూ నవ్వుకు కారణమైన ఇరుకే భయానికి కారణమవుతుంది. ఆశ్రయం మారలేదు, నడుమ మూడో రసం రాలేదు. మారింది ప్రేక్షకుడికి తెలిసిన విషయం మాత్రమే. రెండోసారి చూసినవారు మొదటి పది నిమిషాల హాస్యానికి కూడా నవ్వలేరు.