తిరుత్తణి ప్రాంతపు ఎల్లలు – వంశచరిత్ర

వంశచరిత్ర తెలిసికొనగోరువారు మొదట పెద్దల ఊరి పేరు అడుగుదురు. తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములలో అది మాత్రమే చాలదు. ఏ సంవత్సరపు విషయమో కూడ అడుగవలెను.

1888లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో జన్మించినప్పుడు ఆ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండెను. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరి, ఆ జిల్లాతోపాటే 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. తరువాత సరిహద్దు వివాదమును హెచ్.వి. పాటస్కర్ పరిశీలించిరి. గ్రామమును ప్రమాణముగా గొని, అధికసంఖ్యాకుల భాషను గమనించి వారు చేసిన నిర్ణయము 1959లో చట్టరూపము దాల్చినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాకు మారినది. ఆనాడే తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. అట్లు కలిసిన సత్యవేడు ప్రాంతము 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. తిరుత్తణి 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో చేరినది.

కావున ఒకే ఇంట 1905లో ముత్తాత, 1930లో తాత, 1962లో తండ్రి, 1998లో కుమారుడు జన్మించినచో, నలుగురి జన్మస్థలము ఒకటే. జిల్లాలు మాత్రము నాలుగు. 1950లో నగరికి కోడలిగా వెళ్ళిన ఆడపడుచు అదే జిల్లాలో ఉండెను. పదేండ్లకు ఆమె పుట్టిల్లు వేరొక రాష్ట్రమైనది. ఈ సంగతి తెలియనివారు పాత పత్రములలో "చిత్తూరు జిల్లా" అని చూచి, తమ పెద్దలు ఎచటినుండియో వలస వచ్చిరని పొరబడుదురు. కుటుంబము కదలలేదు, ఎల్లయే కదలినది.

పేర్ల విషయమునను చిక్కు కలదు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ప, బ లకును అంతే. తెలుగు పత్రములోని బాలయ్య తమిళ పత్రము నుండి మరల వ్రాయునప్పుడు పాలయ్య కావచ్చును. తండ్రి పేరులోని మొదటి అక్షరమును వాడు ఆచారము వలన ఇంటిపేరు పత్రములనుండి జారిపోవచ్చును.

అందుచేత పరిశోధించువారు గ్రామము, సంవత్సరము, నాటి తాలూకా, జిల్లా వరుసగా వ్రాసికొని, పిదప ఏ కార్యాలయమున వెదకవలెనో నిశ్చయించుకొనవలెను. పాత దస్తావేజులు, పెండ్లి శుభలేఖలు, పాఠశాల ప్రవేశ పట్టికలు భద్రపరచవలెను. ఇంటిపేరు, గోత్రము, ఆడపడుచుల అత్తవారి ఊళ్ళు పెద్దలు ఉండగానే అడిగి వ్రాసికొనవలెను.

ముత్తాత వ్రాసిన తెలుగు దస్తావేజును మునిమనుమడు చదువలేకపోయినచో, అది పెట్టెలో ఉన్నను లేనట్లే. ఈ సీమలో బిడ్డలకు తెలుగు అక్షరములు నేర్పుట తమ వంశమును తాము గుర్తెరుగు శక్తిని వారికి ఇచ్చుటయే.