ఇళ్లు, గృహోపకరణాలు: పిడుగు నష్టాల చరిత్ర

పిడుగు వల్ల ఇల్లు దెబ్బతినడం, ఇంట్లోని టీవీ, ఫ్రిజ్, బోరు మోటారు, కంప్యూటర్ వంటివి కాలిపోవడం ఉరుముల వానలు కురిసే ప్రతి దేశంలోనూ ఏటా జరిగేదే. 18వ శతాబ్దంలో ఈ నష్టమంటే కప్పు ఎగిరిపోవడం, గోడ చీలడం, ఇల్లు తగలబడడం. టెలిగ్రాఫు, టెలిఫోను, కరెంటు, కేబుల్ తీగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాక దాని తీరు మారింది. ఇప్పుడు ఇంటిని తాకకుండా దూరాన కరెంటు లైను మీద పడిన పిడుగు కూడా హాల్లోని టీవీని కాల్చేస్తోంది. రక్షణ ఏర్పాట్లూ ఈ మార్పు వెంటే నడిచాయి. ఇంటి కప్పు మీది కంబితో మొదలై మీటరు బోర్డు దగ్గరికి, అక్కడి నుంచి ప్లగ్గు దాకా వచ్చాయి. ఇంట్లోకి కొత్త తీగ వచ్చిన ప్రతిసారీ పిడుగుకు కొత్త దారి దొరికింది. ఆ దారిని భూమి వైపు మళ్లించే ప్రయత్నాలే ఈ చరిత్ర.

పిడుగు ఇంట్లోకి వచ్చే దారులు

మేఘం నుంచి నేలకు దిగే మెరుపులో కరెంటు మామూలుగా 30,000 ఆంపియర్ల దాకా చేరుతుంది. ఒక సాధారణ ఇల్లు మొత్తం వాడుకునేది పదుల ఆంపియర్లు మాత్రమే. మెరుపు సాగే దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. ఇది సూర్యుడి ఉపరితలం వేడికి సుమారు ఐదు రెట్లు. ఒకే దారిలో మూడు నాలుగు దెబ్బలు వెంటవెంటనే పడడం మామూలే. మెరుపు మిణుకుమిణుకుమన్నట్టు కనిపించేది అందుకే.

నష్టం నాలుగు రకాలుగా జరుగుతుంది. మొదటిది నేరుగా ఇంటి మీద పడడం. అప్పుడు కర్రలో, ఇటుకలో ఉన్న తేమ ఒక్క క్షణంలో ఆవిరై వాటిని లోపలి నుంచి పేల్చేస్తుంది. రెండోది కరెంటు, ఫోను, కేబుల్ లైన్ల మీద పడి వాటి వెంట ఇంట్లోకి రావడం. మూడోది దగ్గరలో నేల మీదో చెట్టు మీదో పడినప్పుడు అక్కడి భూమి వోల్టేజి అమాంతం పెరిగి, ఎర్త్ తీగ గుండానే ఇంట్లోకి ఎక్కడం. నాలుగోది మెరుపు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం ఇంటి వైరింగులో వోల్టేజిని పుట్టించడం. తొలి రకం నష్టం బయటివాళ్లకూ కనిపిస్తుంది. మిగతా మూడింటిలో ఇల్లు చెక్కుచెదరదు, వస్తువులు మాత్రం పోతాయి.

కంబికి ముందు

పిడుగు కరెంటేనని తెలియని కాలంలో రక్షణ దేవుడి మీద వదిలేసిందే. తెలుగునాట ఉరిమినప్పుడు అర్జునుడి పది పేర్లు తలుచుకోవడం ఇప్పటికీ పెద్దవాళ్లకు అలవాటు. ఐరోపాలో చర్చి గంటలు మోగించేవారు. గంట ఉండేది ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరంలో, దాని తాడు మనిషి చేతిలో. ఉరుముల వేళ గంట కొట్టడం మేలు కన్నా కీడే ఎక్కువని వాదిస్తూ 1784లో మ్యూనిక్‌లో ఒక పుస్తకం వెలువడింది. అలా గంట కొడుతూ వంద మందికి పైగా చనిపోయారని అందులో లెక్క చూపారు.

ఫ్రాంక్లిన్ కంబి

మెరుపు కరెంటేనని కంబితో తేల్చే ప్రయోగాన్ని అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించాడు. దాన్ని 1752 మే 10న ఫ్రాన్స్‌లోని మార్లీ గ్రామంలో ఫ్రెంచి శాస్త్రవేత్త దాలిబార్ జరిపించాడు. మరుసటి ఏడాది ఇలాంటి ప్రయోగమే చేస్తూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్త రిక్‌మన్ పిడుగు దెబ్బకు చనిపోయాడు. తన ఇంట్లో పెట్టుకున్న కంబికి సరైన ఎర్త్ లేకపోవడమే ఆయన ప్రాణం తీసింది.

1752 సెప్టెంబరులో ఫ్రాంక్లిన్ తన ఇంటి మీద ఇనుప కంబి నిలబెట్టి, దాని తీగను మెట్ల పక్కగా దించాడు. పడకగది తలుపు ఎదుట ఆ తీగను రెండుగా విడదీసి, రెండు కొసలకూ చెరో చిన్న గంట తగిలించి, వాటి మధ్య పట్టుదారంతో ఇత్తడి గుండు వేలాడదీశాడు. మేఘాలు కమ్మి తీగలో విద్యుదావేశం చేరగానే గుండు అటూ ఇటూ ఊగి గంటలు మోగేవి. పరిశోధనకు బాగానే పనికొచ్చినా ఇప్పటి లెక్కలో ఇది చాలా ప్రమాదకరమైన ఏర్పాటు. పిడుగును దించే తీగ ఇంటి బయటి నుంచి, ఎక్కడా తెగకుండా నేలలోకి పోవాలి.

కంబి పనిచేస్తుందని 1760లో రుజువైంది. ఫిలడెల్ఫియాలో విలియం వెస్ట్ అనే వర్తకుడి ఇంటి కంబి మీద పిడుగు పడింది. కంబి పైనున్న ఇత్తడి మొన కొంత కరిగిపోయింది, ఇంటికి ఏమీ కాలేదు.

అంతకన్నా ముందే, 1755లో దాలిబార్‌కు రాసిన ఉత్తరంలో ఫ్రాంక్లిన్ ఒక విషయం గమనించాడు. మసాచుసెట్స్‌లోని న్యూబరీలో చర్చి శిఖరం మీద పిడుగు పడి పైభాగం ముక్కలైంది. గంట దగ్గర నుంచి కింద గడియారం దాకా అల్లిక సూదంత సన్నని తీగ ఉండేది. తీగ ఆవిరైపోయింది. అది సాగినంత మేర కట్టడానికి ఏ హానీ జరగలేదు, గోడ మీద నల్లని చార మిగిలిందంతే. తీగ అయిపోయిన చోటి నుంచి మళ్లీ విధ్వంసం మొదలైంది. పిడుగు తీగను వెతుక్కుని దాని వెంటే పోతుందన్న ఈ గమనింపే తర్వాతి కాలపు రక్షణకు ఆధారమైంది. తర్వాతి కాలపు నష్టాలకు కారణమూ ఇందులోనే ఉంది.

కంబి మీద వ్యాజ్యం

ఇంటి మీద కంబిని జనం వెంటనే ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఒమర్ పట్టణంలో విస్సెరీ అనే న్యాయవాది 1780లో తన ఇంటి పొగగొట్టం మీద కత్తి మొన అమర్చిన కంబి పెట్టించాడు. అది పిడుగును తమ వీధిలోకి పిలుస్తుందని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. దాన్ని పీకేయాలని పట్టణ అధికారులు ఆదేశించారు. వివాదం అర్రాస్‌లోని పై న్యాయస్థానానికి చేరింది. 1783లో విస్సెరీ పక్షాన వాదించి గెలిచినవాడు అప్పటికి 25 ఏళ్ల యువ న్యాయవాది, ఆ తర్వాత ఫ్రెంచి విప్లవంలో ప్రధాన పాత్ర వహించిన రోబెస్పియర్. అచ్చైన తన వాదన ప్రతిని ఆయన ఫ్రాంక్లిన్‌కు పంపాడు.

తీగల కాలం

19వ శతాబ్దంలో టెలిగ్రాఫు రావడంతో మైళ్ల పొడవున తీగలు సాగాయి. దూరంగా ఎక్కడో పడిన పిడుగు ఆఫీసులోని యంత్రాన్ని కాల్చేయడం మొదలైంది. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1846లో దీన్ని వివరిస్తూ పత్రం సమర్పించాడు. అదే ఏడాది జర్మనీకి చెందిన స్టైన్‌హైల్ టెలిగ్రాఫు లైన్లకు అరెస్టర్ అనే రక్షణ పరికరం తయారుచేశాడు. లైనుకూ ఎర్త్‌కూ మధ్య సన్నని ఖాళీ వదిలితే మామూలు వోల్టేజి దాన్ని దాటలేదు, పిడుగు వోల్టేజి మాత్రం నిప్పురవ్వగా దూకి భూమిలోకి పోతుంది. టెలిఫోన్లు ఇళ్లలోకి వచ్చాక ఈ పద్ధతే కార్బన్ బిళ్లలుగా, ఆ తర్వాత వాయువు నింపిన చిన్న గొట్టాలుగా ఫోను లైను మొదట్లో చేరింది.

1920లో పిడుగు ఒక ఇంజనీరు ఇంటినే తాకింది. అమెరికాలోని స్కెనెక్టడీ దగ్గర నది ఒడ్డున జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు చార్లెస్ స్టైన్‌మెట్జ్‌కు కర్రతో కట్టిన విడిది ఇల్లు ఉండేది. పిడుగు పడి అక్కడి అద్దం పగిలి చెల్లాచెదురైంది. ఆయన ముక్కలన్నీ ఏరించి తిరిగి అమర్చి, వాటి మీద మిగిలిన జాడల్ని బట్టి కరెంటు ఏ దారిన పోయిందో పరిశీలించాడు. 1922లో ప్రయోగశాలలోనే కృత్రిమ పిడుగు పుట్టించి, కరెంటు లైన్ల అరెస్టర్లను దానితో పరీక్షించడం మొదలుపెట్టాడు.

గడియారాలు నేర్పిన పాఠం

ఇంటి సాకెట్ దాకా అసలు ఎంత వోల్టేజి వస్తుందన్నది 1960ల దాకా పెద్దగా కొలిచి చూడలేదు. జనరల్ ఎలక్ట్రిక్‌కే చెందిన ఫ్రాంస్వా మార్ట్‌జ్‌లాఫ్, హాన్ అనే ఇద్దరు ఇళ్ల వైరింగులో కొలతలు తీసుకుని 1970లో ప్రచురించారు. ఉరుముల వేళ వేల వోల్టుల సర్జ్‌లు, అంటే క్షణకాలం ఎగసే వోల్టేజి పోట్లు, వస్తున్నాయని తేలింది. వాళ్లకు గట్టి సాక్ష్యం గోడ గడియారాల నుంచి దొరికింది. గడియారం మోటారు తట్టుకునే వోల్టేజిని 2,000 నుంచి 6,000కు పెంచగానే కాలిపోయేవి నూరో వంతుకు తగ్గాయి. ఆ 6,000 వోల్టుల అంకె 1980లో వచ్చిన అమెరికా ఇంజనీర్ల మార్గదర్శకంలో ఇంటి వైరింగుకు ప్రామాణికమైంది. అంతకు మించితే సాకెట్లలో, స్విచ్చుల్లో రవ్వ దూకి వోల్టేజి అక్కడే ఆగిపోతుంది.

మోటారుకు ఇన్సులేషన్ పెంచవచ్చు, చిప్పుకు అది కుదరదు. వాల్వు రేడియోలు కొంత ఓర్చుకునేవి. ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత అయిదు వోల్టులకే పనిచేసే చిప్పులు వచ్చాక చిన్న సర్జ్ కూడా ప్రాణాంతకమైంది. మెకానిక్ వెనక మూత విప్పి "బోర్డు పోయింది" అనే మాట అప్పటి నుంచే ఇళ్లలో మామూలైంది.

దీనికి మందు జపాన్‌లో దొరికింది. 1960ల చివర మత్సుషితా సంస్థలో మిచియో మత్సుఓకా జింక్ ఆక్సైడ్ వారిస్టర్‌ను రూపొందించాడు. చెరువు నిండితే అలుగు పారినట్టు, వోల్టేజి ఒక హద్దు దాటగానే ఈ బిళ్ల కరెంటును పక్కకు వదిలేస్తుంది. హద్దులోపల ఉన్నంతసేపు దాదాపు ఏమీ వదలదు. నేటి సర్జ్ ప్రొటెక్టర్లు, స్పైక్ గార్డుల్లో ఎక్కువ వాటికి గుండె ఇదే. సర్జ్‌లు తట్టుకునే కొద్దీ ఇది అరిగిపోతుంది. ఆ తర్వాత స్పైక్ గార్డు మీది దీపం వెలుగుతున్నా రక్షణ ఉండకపోవచ్చు.

ఒకే ఎర్త్

ఫ్లోరిడాలోని క్యాంప్ బ్లాండింగ్‌లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990ల నుంచి మేఘాల్లోకి సన్నని తీగ కట్టిన రాకెట్లు ఎగరేసి పిడుగును రప్పిస్తూ వచ్చారు. అలా ఒక ప్రయోగపు ఇంటి మీదకూ రప్పించారు. పిడుగు కరెంటులో పెద్ద భాగం ఇంటి ఎర్త్‌లోకి దిగకుండా, సర్వీసు వైరు గుండా దూరపు ఎర్త్‌ల వైపు పోయింది. ఇంటి కప్పు మీద కంబి ఉన్నంత మాత్రాన లోపలి వస్తువులు భద్రమని అనుకోవడానికి లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వేర్వేరు ఎర్త్‌లు మరో ముప్పు. కరెంటు వైరు ఇంటి ముందు నుంచి, డిష్ కేబుల్ వెనక నుంచి వచ్చి రెండూ టీవీలో కలుస్తాయి. పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తే ఆ తేడా మొత్తం టీవీ మీదే పడుతుంది. పొడవాటి ఎర్త్ తీగ కూడా నమ్మదగ్గది కాదు. మెరుపు వేగానికి ఒక్క మీటరు పొడవు తీగలోనే వేల వోల్టులు నిలుస్తాయి. అందుకే 2006లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305 లోహపు భాగాలు, తీగలు అన్నిటినీ ఒకే ఎర్త్‌కు దగ్గరి దారిలో కలపాలంటుంది. భారత్‌లో పాత ఐఎస్ 2309 స్థానంలోకి ఇదే వచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేసవిలో ఈదురుగాలుల వానలు కురిసే రోజులే ముఖ్యంగా పిడుగుల కాలం. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందస్తు హెచ్చరికల కోసం వజ్రపాత్ యాప్ తెచ్చింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ యాప్ పేరు దామిని. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు.

1980ల్లో మిద్దెల మీద అల్యూమినియం యాంటెనాలు, 1990ల్లో వీధంతా కేబుల్ తీగలు, ఆపై డిష్‌లు వచ్చాయి. ఎర్త్ మాత్రం చాలా ఇళ్లలో వెనకబడింది. ఉప్పూ బొగ్గూ వేసి కప్పిన ఎర్త్ గొయ్యి వేసవికి ఎండి పనికిరాకుండా పోతుంది. సరిగ్గా పిడుగులు మొదలయ్యేదీ అప్పుడే. ఇంటి పక్క తాటి, కొబ్బరి చెట్ల మీద పడిన పిడుగు గోడ మీదికి దూకడం కూడా జరిగేదే.

కాలిపోయిన ప్రతి టీవీకీ పిడుగే కారణం కాదు. గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా వస్తుంది. వీధిలో చాలా ఇళ్లలో ఒకేసారి బల్బులు దేదీప్యంగా వెలిగి పోయాయంటే అనుమానించాల్సింది న్యూట్రల్‌నే. స్టెబిలైజర్, ఎంసీబీ, ఆర్‌సీసీబీలు సర్జ్‌ను ఆపలేవు. అవి కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది, పిడుగు సర్జ్ మైక్రోసెకన్లలో పని కానిచ్చేస్తుంది. స్విచ్ ఆపడమూ చాలదు, దాని లోపలి ఖాళీ కొద్ది మిల్లీమీటర్లే. వాన మొదలవకముందే ప్లగ్గు, దాంతోపాటు డిష్ కేబుల్, ఇంటర్నెట్ వైరు పీకడమే ఖర్చులేని రక్షణ. ఉరుములు మొదలయ్యాక వాటిని ముట్టుకోకూడదు.

బీమా

అమెరికాలో 2023లో ఇళ్ల పిడుగు క్లెయిమ్‌లు 70,000 దాటాయి, చెల్లింపులు 100 కోట్ల డాలర్లను మించాయి. భారత్‌లో అగ్నిప్రమాద పాలసీలు పిడుగును కవర్ చేస్తాయి. 2021 ఏప్రిల్‌లో మొదలైన భారత్ గృహ రక్ష అనే ఇళ్ల పాలసీ కూడా అంతే. ప్రామాణిక అగ్నిప్రమాద పాలసీలో మాత్రం ఒక షరతుంది. అధిక వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ వల్ల ఒక విద్యుత్ పరికరం పాడైతే, దానికి కారణం పిడుగే అయినా ఆ పరికరానికి పరిహారం రాదు. టీవీ నుంచి మంటలు అంటుకుని ఇల్లు కాలితే ఇంటికి వస్తుంది, ఆ టీవీకి రాదు. పాలసీ తీసుకునేటప్పుడే ఈ షరతు చదివి, అవసరమైతే పరికరాలకు విడిగా బీమా తీసుకోవాలి.

సౌర ఫలకాలు

ఇంటికి వచ్చిన సరికొత్త తీగలు మిద్దె మీది సౌర ఫలకాలవి. 2024లో కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ఇవి వేగంగా పెరుగుతున్నాయి. వీటికి అరెస్టర్ కంబి, ఎర్త్ గోతులు, ఇన్వర్టర్‌కు రెండు వైపులా సర్జ్ పరికరాలు పెడుతున్నారు. ఆ పరికరం మీద చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చగా ఉన్నంతకాలం అది పనిచేస్తున్నట్టు, ఎర్రబడితే లోపలి బిళ్ల అరిగిపోయినట్టు. ఏటా మార్చి నెలలో ఆ కిటికీని చూసి, ఎర్రబడిన బిళ్లను మార్పించి, ఎర్త్ గొయ్యి తడిపించుకుంటే పిడుగుల కాలానికి ముందే ఇల్లు సిద్ధమవుతుంది.