వెల్లుల్లి: తోట లైన్ల వైద్యం, ప్రయోగశాల తీర్పు

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మన పెద్దల సామెత. అది ఏ ఉల్లి అన్నది మాత్రం సామెత చెప్పదు. నీరుల్లి అని కొందరంటారు, వెల్లుల్లి అని కొందరంటారు. తోటల్లో పుట్టి పెరిగినవారి ఇళ్లలో ఈ సామెత చాలావరకు వెల్లుల్లికే చెల్లింది. జలుబు చేసినా, కడుపు ఉబ్బినా, చెవి పోటు వచ్చినా ముందు కదిలేది రోలు, రోకలి; డ్రెస్సరు దగ్గరకు పోవడం ఆ తరువాతి మాట.

పేరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు వెల్లుల్లి, ఎల్లుల్లిపాయ అన్నారు. చిత్తూరు వైపువారు తెల్లగడ్డ అన్నారు. తెలంగాణలో ఎల్లిగడ్డ. సంఘం తరగతుల్లో తెలుగు అక్షరాలు దిద్దుకున్న నాబోటి వారికి 'వెల్ల' అంటే తెలుపు అని తెలిసిననాడు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఎందుకంటే మన మలాయీ ఇరుగుపొరుగు దీనిని బావాంగ్ పుతిహ్ అంటారు. అంటే తెల్ల ఉల్లి. రెండు భాషలూ ఒకే కంటితో చూశాయన్నమాట.

సంస్కృతంలో దీనికి లశునమని పేరు. రసోనమని మరొక పేరు కూడా ఉన్నది. ఆరు రుచుల్లో పులుపు ఒక్కటే దీనిలో లేదు కాబట్టి, రసం ఒకటి ఊనమైనది కాబట్టి, రసోనమన్నారు. దీనిని గురించిన పాత గ్రంథాల్లో విచిత్రమైనది బవర్ వ్రాతప్రతి. 1890లో హామిల్టన్ బవర్ అనే బ్రిటిష్ సైనికోద్యోగికి మధ్య ఆసియాలోని కూచా దగ్గర ఇది దొరికింది. భూర్జపత్రాల మీద వ్రాసిన ఈ ప్రతి సుమారు 1500 ఏళ్ల నాటిది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది. అందులో మొదటి భాగమే వెల్లుల్లి మహిమ.

విష్ణువు అసురుని తల నరికినప్పుడు నేల మీద పడిన రక్తపు బొట్లే వెల్లుల్లి అయ్యాయనీ, అందుకే బ్రాహ్మణులు దానిని ముట్టరనీ అందులో కథ. మనుస్మృతి కూడా ద్విజులకు వెల్లుల్లి నిషేధించింది. కాని వైద్యుడు దీనిని వదులుకోలేడు కదా! అందుచేత ఒక ఉపాయం వ్రాశాడు: ఆవుకు మూడు రాత్రులు ఇంచుమించు గడ్డి పెట్టకుండా ఉంచి, తరువాత గడ్డిలో వెల్లుల్లి కాడలు కలిపి మేపితే, ఆ ఆవు పాలు, పెరుగు, నెయ్యి బ్రాహ్మణుడు కూడా పుచ్చుకోవచ్చునట. నిషేధం నిషేధంగానే ఉన్నది, మందు మందుగానే దొరికింది! మన పూర్వీకులకు ఈ ఆవు అవసరం కలుగలేదు. ఓడ ఎక్కినవారిలో అధిక సంఖ్యాకులకు వెల్లుల్లి తినకూడదని చెప్పినవారే లేరు.

ఆ ఆవు కథలో ఒక పరిశీలన దాగి ఉన్నది. తల్లి తిన్న వెల్లుల్లి పాలలోకి దిగుతుంది. 1991లో అమెరికాలో మెనెల్లా, బోషాంప్ అనే పరిశోధకులు పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి గొట్టాలిచ్చి చూశారు. ఒకటి రెండు గంటల్లో పాల వాసన మారింది. బిడ్డలు ముఖం తిప్పుకోలేదు సరికదా, మామూలుకంటే ఎక్కువసేపు రొమ్ము పట్టుకొని ఉన్నారు. పాలు ఎక్కువ తాగినట్లు మాత్రం తేలలేదు. బాలింతకు వెల్లుల్లి కారం, కాయం పెట్టిన మన ముసలమ్మలు ఈ ప్రయోగం కోసం కాచుకొని కూర్చోలేదు. పురిటి మంచం దిగి మళ్లీ రబ్బరు చెట్ల దగ్గరకు పోవలసిన స్త్రీకి ఒంట్లో వేడి పుట్టాలి, పాలు పడాలి అన్నదే వారి లెక్క.

మలయాలో భారతీయుల ఒప్పంద కూలి విధానం 1910లో ముగిసింది. కంగాణీల ద్వారా మనుషులను తేవడం 1938లో భారత ప్రభుత్వం నిషేధించేదాకా సాగింది. ఆ సంవత్సరాల్లో తోటలను పీడించిన పెద్ద శత్రువు చలిజ్వరం. ఇక్కడ మాత్రం నిజం చెప్పక తప్పదు. చలిజ్వరాన్ని వెల్లుల్లి ఆపలేదు. దోమకూ ఆ జ్వరానికీ గల సంబంధాన్ని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. 1901 నుంచి క్లాంగులో మాల్కం వాట్సన్ చిత్తడి నేలల నీరు మళ్లించి జ్వరాన్ని తగ్గించి చూపాడు. మనవారిని కాపాడినవి క్వినైను, మురుగు కాలువలు. వెల్లుల్లి తింటే దోమ కుట్టదనే మాటను కూడా 2005లో అమెరికాలో పరీక్షించారు. ఫలితం ఏమీ కనిపించలేదు.

మరి దీనిలో ఉన్న శక్తి ఏమిటి? పగలని రెబ్బకు వాసన ఉండదు. లోపల అల్లీన్ అనే పదార్థం ఒక గదిలో, అల్లినేజ్ అనే ఎంజైము మరొక గదిలో ఉంటాయి. నలిపితే గోడ పగిలి రెండూ కలుస్తాయి, అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు దానిదే. 1944లో కావలిటో, బెయిలీ దానిని వేరుచేసి, సూక్ష్మక్రిములను అణచగలదని చూపించారు. అయితే అది నిలవ ఉండదు, త్వరగా మారిపోతుంది. ఎంజైము వేడికి చచ్చిపోతుంది. కాబట్టి పగలకొట్టకుండా కాగిన నూనెలో వేసిన రెబ్బ రుచికే గాని మందుకు అంతగా పనికిరాదు. దంచి పది నిమిషాలు ఉంచి పొయ్యి మీద వేస్తే కొంత గుణం మిగులుతుంది. రోలు వాడినవారికి ఇది ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

కొవ్వును కరిగిస్తుందన్న ప్రచారం పెద్దది. 2007లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంవారు 192 మందితో ఆరు నెలలు పరీక్షించారు: కొందరికి పచ్చి వెల్లుల్లి, కొందరికి రెండు రకాల బిళ్లలు, కొందరికి ఉత్త బిళ్లలు. చెడ్డ కొలెస్టరాల్‌లో చెప్పుకోదగిన తేడా రాలేదు. రక్తపోటు విషయంలో సంగతి కొంత మెరుగు. అనేక పరీక్షలను కలిపి చూసినప్పుడు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో పై అంకె సుమారు 8 తగ్గిందని తేలింది. చిన్న సంగతేమీ కాదు. అయినా మందు మానుకొనేంత పెద్దదీ కాదు.

ఇది ఎందుకు వ్రాస్తున్నానంటే, మా పిన్ని ఒకామె రక్తపోటు బిళ్లలు పక్కన పెట్టి, ప్రతి ఉదయం రెండు రెబ్బలు నమలడం మొదలుపెట్టింది. మూడు నెలలు తిరగకముందే కళ్లు తిరిగి పడిపోయి ఆసుపత్రి పాలయింది. బ్రతికింది, ఇప్పుడు రెండూ తీసుకుంటున్నది. రక్తం పలచబడే మందులు వాడేవారి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. వెల్లుల్లి కూడా రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి, ఎక్కువగా పుచ్చుకునేవారు డాక్టరుకు చెప్పాలి; శస్త్రచికిత్సకు ముందైతే తప్పకుండా చెప్పాలి. పచ్చి ముద్దను పసిబిడ్డల ఛాతీకి కట్టడం పాత అలవాటు. దానితో చర్మం కాలి బొబ్బలెక్కిన పిల్లలున్నారు, దయచేసి అది మానండి. నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని బయట నిలవ ఉంచకూడదు. 1985లో కెనడాలోని వాంకూవరులో అటువంటి సీసా వల్ల 36 మందికి బోట్యులిజం అనే ప్రమాదకరమైన విషబాధ కలిగింది. మన ఆవకాయలో ఉప్పూ పులుపూ ఉంటాయి గనుక దాని సంగతి వేరు.

వెల్లుల్లి గడ్డ కట్టాలంటే చలి కావాలి, కాబట్టి ఈ పల్లపు నేలల్లో అది పండదు. ఆనాడు తోట దుకాణంలో కొన్నారు, ఈనాడు టెక్కా బజారులో కొంటున్నాం. మిరియాలు, వెల్లుల్లి దంచి వేసిన చారు మనది. మిరియాలు, పొట్టు తీయని వెల్లుల్లి గడ్డలు వేసి మరిగించే బక్ కుత్ తె మన తియోచ్యూ పొరుగువారిది. వానాకాలంలో జలుబు చేసినప్పుడు ఆ రెండు గిన్నెల ఆవిరీ ఇంచుమించు ఒకే వాసన వేస్తుంది.