‘అంతా మీ మనసులోనే ఉంది’

“ఎక్స్‌రేలో ఏమీ లేదు, అంతా మీ మనసులోనే ఉంది” అని ఏ వైద్యుడైనా మీతో అన్నాడా? ఉద్యోగకాలంలో, ఓపీ రద్దీలో, ఆ మాట నేనూ అనేకసార్లు అన్నాను. “నీ నొప్పి అబద్ధం” అన్నట్లుగానే అది రోగి చెవికి సోకేది. ఆ మాటలోని దోషం నాకు బోధపడింది వైద్యగ్రంథాలలో కాదు, యు. టి. ప్లేస్ అనే తత్త్వవేత్త రచనలో.

మనసు వేరు, శరీరం వేరు అన్న విభజనకు యూరపులో శాస్త్రీయ రూపం ఇచ్చినవాడు 17వ శతాబ్దపు దెకార్త్. చోటు ఆక్రమించని మనసు శరీరాన్ని ఎలా కదిలించగలదని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లోనే ఆయనను లేఖలో నిలదీసింది. తృప్తికరమైన జవాబు రాలేదు. అయినా ఆ విభజన మన ఆసుపత్రుల దాకా వచ్చి కూర్చుంది.

ప్లేస్ 1924లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జన్మించాడు. 1951 నుండి 1954 వరకు ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించాడు. అక్కడి చర్చల ఫలితమే 1956లో వెలువడిన ఆయన వ్యాసం. చైతన్యం మెదడులో జరిగే ప్రక్రియేనా అన్నది అందులోని ప్రశ్న. కావచ్చునని, అది విజ్ఞానశాస్త్రం తేల్చవలసిన విషయమని ఆయన సమాధానం.

వెంటనే మీకు ఒక సందేహం కలుగుతుంది. నాడీకణాల ఊసే తెలియని పల్లెటూరి అవ్వకు కూడా నొప్పి అంటే తెలుసు కదా, రెండూ ఒకటెలా అవుతాయి? ప్లేస్ మెరుపును ఉదాహరణగా చూపాడు. విద్యుత్తు సంగతి తెలియకముందే వేల ఏళ్లుగా మనుషులు మెరుపును చూశారు. అయినా మెరుపంటే విద్యుత్ ప్రవాహమే. మాటల అర్థాలు వేరు, వస్తువు ఒకటే. ఆ సంగతి నిఘంటువు చెప్పదు, పరిశోధన చెబుతుంది. ఇక్కడ గమనించండి: విద్యుత్తని తేలినంత మాత్రాన మెరుపు అబద్ధం కాలేదు!

ఆయన ఎత్తిచూపిన మరో పొరపాటు నాకు ఇంకా ముఖ్యం. కాంతిమంతమైన దీపాన్ని చూసి కళ్లు మూసుకుంటే కాసేపు ఒక రంగు మచ్చ కనిపిస్తుంది. మెదడును కోసి చూస్తే ఆ రంగు వస్తువేదీ దొరకదు. దొరకనక్కరలేదు కూడా, మనం వర్ణిస్తున్నది లోపలి వస్తువును కాదు, అటువంటి రంగును నిజంగా చూసినప్పుడు కలిగే అనుభవం వంటిదాన్ని. కాలు తీసివేసిన రోగి “పాదం మంట” అని విలవిలలాడినప్పుడు నేను ఈ మాటనే తలచుకుంటాను. పాదం లేదు; మంట ఉంది. ఆ స్థితికి ‘ఫాంటమ్ లింబ్’ అని పేరుపెట్టిన అమెరికన్ వైద్యుడు వియర్ మిచెల్, అంతర్యుద్ధంలో అవయవాలు కోల్పోయిన సైనికులలో దానిని చూశాడు.

ప్లేస్ వాదాన్ని ఆయన సహోద్యోగి స్మార్ట్ 1959లో మరింత విస్తరించాడు. మన మెదడుకు ఏమాత్రం పోలిక లేని మెదడున్న ఆక్టోపస్‌కూ నొప్పి ఉండవచ్చు కదా అని 1967లో హిల్లరీ పుట్నం ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ బలమైనదే. అయితే రోగి మంచం పక్కన నిలబడిన వైద్యుడికి ఆక్టోపస్ గొడవ అక్కరలేదు.

ప్లేస్ 2000లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం మెదడును అడిలైడ్ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. ఇందులోనే ప్లేస్ చైతన్యం ఉండేదా అని చూపరులను అడిగే చీటీతో అది అక్కడ గాజుపాత్రలో ఉంది.